అవతలి చెయ్యి

సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు అందరూ పిల్ల మొహం చూస్తే, ఆమె మాత్రం పిల్ల చెయ్యి చూసింది.

"ఏదీ, ఒకసారి చెయ్యి చాపు," అంది.

పని చేసిన చెయ్యేనా కాదా అని చూస్తున్నారేమోననుకుని పిల్ల భయం భయంగా అరచెయ్యి చూపించింది.

"అది కాదే పిచ్చిదానా. పక్కకి చాపు. భుజం నుంచి."

పిల్ల చాపింది. ఆమె తన జానతో భుజం దగ్గర మొదలుపెట్టి వేలి కొస దాకా కొలిచింది. కొలిచి, మరిది వైపు తిరిగి, "చేసుకో," అంది.

పిల్ల తండ్రి నవ్వాపుకోలేకపోయాడు. "అదేమిటమ్మా, రవిక్కి కొలత తీసుకున్నట్టు?"

"చాపలు నేసే ఇల్లండీ మాది. మొహంతో నేస్తామా?"

అలా వచ్చింది ఆ ఇంటికి చిన్నకోడలు. పెద్దకోడలు కొలిచి మరీ తెచ్చుకుంది.

పెద్దకోడల్ని వీధిలో అందరూ దెబ్బలక్క అంటారు. ఎవర్నీ కొట్టిన పాపాన పోలేదు. కొట్టేదల్లా తుంగపోచనే. నేల మీద చాప నెయ్యడానికి ఇద్దరు మనుషులుండాలి. పడుగు దారాలు ఈ మేకుల నుంచి ఆ మేకులకి బిగించి, వాటికి అడ్డంగా బెజ్జాలున్న బరువైన చెక్క ఒకటి పెడతారు. ఒకామె నేసినంత మేర చాప మీదే కూర్చుని ఆ చెక్కని వంచుతుంది. దారాలు విడతాయి. ఆ సందులోంచి రెండో ఆమె పొడుగాటి పుల్లకి పోచ తగిలించి ఈ కొస నుంచి ఆ కొసకి తోసి, పుల్ల వెనక్కి లాగేస్తుంది. లాగీ లాగకముందే చెక్క వచ్చి పోచ మీద పడుతుంది, దభీమని. మళ్ళీ చెక్క రెండో పక్కకి వంగుతుంది. మళ్ళీ పోచ, మళ్ళీ దెబ్బ. పుల్ల పట్టుకున్న చెయ్యి ఒక్క రెప్పపాటు ఆలస్యమైతే వేళ్ళు నలిగి పచ్చడైపోతాయి. అయినా ఏనాడూ ఆలస్యం కాదు. ఎందుకు కాదో ఆ ఇద్దర్నీ అడిగితే వాళ్ళకీ తెలీదు.

దెబ్బలక్క కాపురానికి వచ్చిన కొత్తలో పుల్ల అత్తగారిది, చెక్క ఈమెది. మొగుడు తుంగ కొయ్యడానికి మోకాటి లోతు నీళ్ళలోకి దిగేవాడు. ఒకసారి దిగినవాడు జ్వరంతో లేచాడు, ఆ జ్వరం అతన్ని తీసుకునే పోయింది. పిల్లల్లేరు. పుట్టింటివైపు మిగిలిన ఒక్క తమ్ముడూ ఇరుకు గదిలో తన సంసారమే మెడ దాకా మోస్తున్నాడు. ఆ తర్వాత అత్తగారూ పోయింది. పుల్ల ఖాళీ అయింది. అప్పుడు కొలిచింది చిన్నదాని చెయ్యి.

మరిది ఆమెని ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ఆమె లేకపోతే చాప లేదు. ఇంట్లో ఉండనిస్తున్నారా, ఉంచుకుంటున్నారా అనే ప్రశ్నే పుట్టలేదు. సగం చాప ఎవడు కొంటాడు?

తోటికోడళ్ళన్నాక పోట్లాడుకోకుండా ఉంటారా? ఒక వానాకాలమంతా మాటల్లేవు. ఎందుకంటే చిన్నదాని తల్లి వచ్చి వెళ్ళేటప్పుడు గొడుగు పట్టుకుపోయింది, ఈవిడ "గొడుగు వెళ్ళిందంటే వాన వెనకే వెళ్తుందిలే" అంది, చిన్నదానికి కాలింది. కానీ మాటలాగాయి గానీ పని ఆగలేదు. మూతులు ముడుచుకుని ఎదురెదురుగా కూర్చుని, తొయ్యి, కొట్టు, తొయ్యి, కొట్టు. ఆ వానాకాలం నేసిన చాపలంత గట్టివి ఆ ఇంట్లో మళ్ళీ పుట్టలేదని మరిది ఇప్పటికీ అంటాడు. "మళ్ళీ ఎప్పుడు పోట్లాడుకుంటారు మీరిద్దరూ?" అని అడుగుతుండేవాడు కూడా.

ఇలా ఉండగా వీధి చివరి రేకుల హాల్లో ఆడవాళ్ళకి శిక్షణ పెట్టారు.

గుమ్మానికి ఒక బ్యానర్ కట్టారు. దాని మీద మగ్గం ముందు కూర్చుని నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. పనిచేసే మనిషి పని మీద ఉండగా అలా నవ్వదు. పళ్ళన్నీ కనపడేలా నవ్వాలంటే పనైనా ఆపాలి, మతైనా పోవాలి. సరే, బ్యానర్లు గీసేవాళ్ళ బతుకుతెరువు వాళ్ళది.

నేర్పడానికి వచ్చినామె కళ్ళజోడు పెట్టుకున్న చిన్నపిల్ల. మంచి పిల్ల. ఆ మాట ముందే చెప్పెయ్యాలి. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఒక్కరున్నా బాగుండేది, తిట్టుకోడానికి మనిషి దొరికేవాడు.

"చూడండమ్మా," అంది కళ్ళజోడు పిల్ల మొదటి రోజు. "మీరు ఇద్దరేసి కూర్చుని, నడుములు విరగ్గొట్టుకుని, పొద్దస్తమానం కష్టపడి ఒక్క చాప నేస్తున్నారు. ఈ కొత్త మగ్గం మీద ఒక్కరే నెయ్యొచ్చు. బల్ల మీద కూర్చోవచ్చు. కాలితో తొక్కితే దారాలు విడతాయి. ఈ చేత్తో పోచ, ఈ చేత్తో చెక్క. ఇక నుంచి ఇద్దరికీ కలిపి ఒకటి కాదు, తలా ఒకటి."

"కాపురం కూడా అంతేనా మేడమ్?" అంది వెనక నుంచి గంపలామె. ఆవిడ వెదురు గంపలు అల్లుతుంది, ఆవిడకి ఈ హాల్లో పనేమీ లేదు, నీడగా ఉందని వచ్చి కూర్చుంది. "మొగుడూ పెళ్ళాం తలా ఒకటి చేసుకునే ఏర్పాటుంటే నా పేరు ముందు రాయండి."

హాలంతా గొల్లుమంది. కళ్ళజోడు పిల్ల కూడా నవ్వింది.

చివర్లో పరీక్ష పెడతారు. నెగ్గినవాళ్ళకి తలా ఒక మగ్గం ఇంటికే ఇచ్చేస్తారు. రంగులద్దిన పోచ వాళ్ళే పంపుతారు, నేసిన చాపలు వాళ్ళే తీసుకెళ్తారు. మరిది సైకిలు వెనక చాపల చుట్టలు కట్టుకుని, అరిగిన మోకాలితో తొక్కుకుంటూ, ఎండలో గొంతు చించుకోనక్కర్లేదు. ఆ మాట వినగానే దెబ్బలక్క చిన్నదాని డొక్కలో పొడిచింది.

"విన్నావా? నీ మొగుడి మోకాలికి మంచి రోజులొచ్చాయి. నాకూ మంచి రోజులే, రేపట్నుంచి నీ మొహం చూస్తూ కూర్చోనక్కర్లేదు."

"నాకేదో నీ మొహం చూడ్డం సరదా అయినట్టు!" అంది చిన్నది.

"మరి రెండు మగ్గాలొస్తే ఎక్కడ పెడతావే? ఒకటి నీ మంచం మీద పెడదామా?"

"నీ మంచం మీద పెడదాం. ఖాళీగా ఉండేది అదే కదా."

చిన్నది అన్నాక నాలిక్కరుచుకుంది. దెబ్బలక్క మాత్రం పకపకా నవ్వింది. వాళ్ళిద్దరి మధ్యా అలాంటి మాటలు కూడా చెల్లేవి.

తొక్కుడు దెబ్బలక్కకి ఇట్టే వచ్చేసింది. చెక్క సంగతి చెప్పేదేముంది, పుట్టుకతో వచ్చినట్టే. రానిది ఒకే ఒక్కటి. దారాలు విడగానే ఆమె ఆగిపోయేది. పోచ రావాలి కదా, ఎవరో తొయ్యాలి కదా! చెక్క పట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, ఎవరూ లేని ఎడం పక్కకి చూస్తూ కూర్చునేది. కాసేపటికి గుర్తొచ్చి, "నా బుద్ధి మండా" అనుకుని తనే పోచ తీసి తోసేది.

చిన్నదానిది సరిగ్గా దీనికి తిరగేసిన జబ్బు. పోచ చకచకా తోసేది. తోసి, వేళ్ళు చటుక్కున వెనక్కి లాక్కుని, దెబ్బ కోసం ఎదురుచూసేది. కొట్టాల్సింది తనేనని తోచేది కాదు.

మొదట్లో ఇద్దరూ పక్కపక్క మగ్గాల మీద కూర్చున్నారు. పని సాఫీగా సాగిపోయింది. ఎందుకంత సాఫీగా సాగుతోందో కళ్ళజోడు పిల్ల నిలబడి చూసి కనిపెట్టేసింది. చిన్నది తోసినప్పుడు పెద్దామె చెక్క పడుతోంది, ఆ చప్పుడు విని చిన్నదాని చెక్క పడుతోంది. రెండు మగ్గాలు పెట్టుకుని ఇద్దరూ కలిసి మళ్ళీ ఒకటే చాప నేస్తున్నారు.

"ఇలా అయితే ఇద్దరికీ రాదమ్మా," అని చిన్నదాన్ని ఆ గోడ దగ్గరా, దెబ్బలక్కని ఈ గోడ దగ్గరా కూర్చోబెట్టింది.

"తోటికోడళ్ళని విడగొట్టిన పుణ్యం ఊరికే పోదు మేడమ్," అంది దెబ్బలక్క.

కళ్ళజోడు పిల్ల నవ్వబోయి మానేసింది. దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "ఎంతమందికి వచ్చిందని నన్ను పైవాళ్ళు అడుగుతారమ్మా. మీరు నేర్చుకోకపోతే నేను నేర్పనట్టే," అంది.

ఆ మాట దెబ్బలక్క మనసులో పడింది. ఇంటికొచ్చి వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఊచల మధ్య చీపురుపుల్ల అటు తోసి ఇటు లాగుతూ, కుడిచేత్తో గోడని కొట్టేది. తొయ్యి, కొట్టు. పొయ్యి మీద కూర మాడిపోయేది. మరిది మాడిన కూర నోరెత్తకుండా తినేవాడు. గంపలామె కిటికీ అవతల నుంచి చూసి, "ఏమైందమ్మా మీ దెబ్బలక్కకి, గోడకి చాప నేస్తోంది!" అని వీధంతా చాటింది. ఈమె పట్టించుకోలేదు. ముసలి ఎద్దుకి కొత్త నడక నేర్పడం కష్టమంటారు గానీ, రాదని ఎవరూ అనలేదు కదా.

నిజంగానే వచ్చింది. పరీక్ష ముందు రోజు ఆమె ఎడం చెయ్యి తోసింది, కుడి చెయ్యి కొట్టింది, మధ్యలో ఎవరికోసమూ పక్కకి చూడలేదు. కళ్ళజోడు పిల్ల చూసి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఇంతేనమ్మా! రేపు కూడా ఇలాగే!"

పరీక్షకి పెద్దమనుషులొచ్చారు. వాళ్ళకి మెత్తటి కుర్చీలు, టీలు. నేసేవాళ్ళకి మంచినీళ్ళ బిందె. మగ్గాలన్నీ ఒక్కసారి మొదలయ్యేసరికి రేకుల కప్పు కింద గోలగోల అయిపోయింది, పక్క మనిషి మాట వినపడదు. దెబ్బలక్క తన మగ్గం తను చూసుకుంటూ నేస్తోంది. ఎడం చెయ్యి, కుడి చెయ్యి. బాగానే పడుతోంది. జాన మేర పడింది. మంచి చాప.

అప్పుడు తలెత్తింది. ఎందుకెత్తిందో తెలీదు.

అవతలి గోడ దగ్గర చిన్నది పోచ తోసి, వేళ్ళు వెనక్కి లాక్కుని, అలాగే ఆగిపోయి ఉంది. చెయ్యి గాల్లో నిలబడిపోయింది. మొహం పాలిపోయింది. అంత గోలలో, అంతమంది కళ్ళ ముందు, నేర్చుకున్నదంతా నీళ్ళలో కొట్టుకుపోయినట్టుంది. దెబ్బ కోసం చూస్తోంది.

దెబ్బలక్క చెక్క పడింది, దభీమని.

ఆమె సందులో పోచ లేదు. ఖాళీ దారాల మీద పడింది ఆ దెబ్బ. కానీ అవతల చిన్నదాని చెయ్యి కదిలింది, దాని చెక్క పడింది. తర్వాత పోచ తోసింది. దభీమని ఇక్కడ మళ్ళీ పడింది.

ఆపుదామనుకుంది. కళ్ళు దించుకుంది, పళ్ళు బిగబట్టింది, నా పోచ నేను తొయ్యాలి అని పైకే అనుకుంది. తీసి తోసింది కూడా. పోచ సగం దాకా వెళ్ళిందో లేదో, అవతల చిన్నది తోసిన పోచ అంచుకి చేరింది. ఆ చప్పుడు అంత గోలలో వినపడదు, వినపడే వీలే లేదు, అయినా ఈమె చెవికి తెలిసిపోయింది. కుడి చెయ్యి చెక్కని లాగి కొట్టింది. సగంలో ఉన్న పోచ పుటుక్కున విరిగింది. ఇంకో పోచ తీసింది. అదీ విరిగింది. కొన్నిచోట్ల ఉత్త దెబ్బలు పడి దారాలు ముద్దకట్టాయి, కొన్నిచోట్ల తెగాయి. ఎవరిదో చెయ్యి తెచ్చి తన భుజానికి తగిలించినట్టు, అది దాని పని అది చేసుకుపోతూనే ఉంది. అవతల చిన్నదాని చాప మాత్రం తిన్నగా, గట్టిగా, ఆ వానాకాలం నేసిన చాపల్లా పెరుగుతూ పోయింది.

పెద్దమనిషి ఒకాయన చిన్నదాని చాపని అరచేత్తో నిమిరి, "చాలా బాగుంది," అన్నాడు. దెబ్బలక్క చాప దగ్గర ఆయన ఆగలేదు. కళ్ళజోడు పిల్ల ఆగింది.

"ఏమైందమ్మా? నిన్న వచ్చింది కదా?"

"నిన్న వచ్చింది," అంది దెబ్బలక్క.

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఈమె తోటికోడలు నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది, తిరిగి నాలుగు తిట్టేది, ఆ పూటకి తేలిపోయేది. చిన్నది ఏడ్చింది. దారిపొడుగునా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే వచ్చింది.

"నీ దెబ్బ నాకు వినపడిందక్కా. నా కోసమే కొట్టావు. నీది పాడు చేసుకుని..."

"నీ కోసం లేదు, నీ మొగుడి కోసం లేదు. చెయ్యి మాట వినలేదు, అంతే."

"ఊరికే అంటున్నావు."

"ఓసి, ఒట్టేసి చెప్పనా? తెలిసుంటే నా చాప నేను నేసుకునేదాన్ని. నువ్వు ఓడినా సరే. విన్నావా?"

చిన్నది విననే లేదు. వీధి కూడా వినలేదు. సాయంత్రానికల్లా కథ తయారైపోయింది. "కడుపున పుట్టిన కూతురికి కూడా చెయ్యరమ్మా అంత త్యాగం!" అని గంపలామె కళ్ళు తుడుచుకుంది, నిజం కన్నీళ్ళే. ఈమె ఎదురు చెప్పేకొద్దీ త్యాగం ఇంకా పెద్దదైంది. ఓడిపోయినవాళ్ళని ఓడిపోయినట్టు ఉండనివ్వరు మనుషులు. ఏదో ఒక దండ వేసి కూర్చోబెడితే గానీ వాళ్ళకి తిన్నది అరగదు.

మళ్ళీ పరీక్ష ఎప్పుడని అడుగుదామని మర్నాడు హాలుకి వెళ్ళింది. మగ్గాలు విప్పి లారీకెత్తుతున్నారు. బ్యానర్ చుట్టేసి గోడకి ఆనించారు.

"ఇక్కడ అయిపోయిందమ్మా. ఇంకో ఊళ్ళో పెడుతున్నారు," అంది కళ్ళజోడు పిల్ల. "మీ సంగతి నేను అడిగాను. ఒక్క పూట చాలు, నేర్చేసుకున్నారు, మళ్ళీ చూడండి అని. కుదరదన్నారు." దెబ్బలక్క చేతులు పట్టుకుంది. ఆ పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. ఆమె వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు.

"పోనీలే అమ్మాయ్. నువ్వు నేర్పావు, నాకు వచ్చింది కూడాను. అది అబద్ధం కాదుగా," అంది దెబ్బలక్క. ఓదార్చాల్సి వచ్చింది మరి ఆ పిల్లని.

మగ్గం ఇంటికొచ్చింది. ఇనప కాళ్ళ మగ్గం. ముందు గదిలో అది పట్టాలంటే నేల మీద మగ్గం లేవాలి. మరిది మేకులు పీకాడు. పీకినచోట పడ్డ గుంతల్లో సిమెంటు మెత్తాడు. పాత చెక్కని మాత్రం పారెయ్యలేదు, మూలకి నిలబెట్టాడు. నేల ఎగుడుదిగుడు కావడం వల్ల కొత్త మగ్గానికి ఒక కాలు ఆనేది కాదు, తొక్కినప్పుడల్లా టకటకమనేది. కింద అట్టముక్కలు మడిచి పెట్టారు. అవి నలిగిపోయేవి, మళ్ళీ పెట్టేవారు.

దెబ్బలక్క ఊరుకోలేదు. పాత మగ్గం పెరట్లో వేసుకుంటాను, పుల్లకి ఎవరైనా దొరక్కపోతారా అనుకుంది. వీధిలో పుల్ల పట్టగలిగినవాళ్ళందరికీ ఇప్పుడు సొంత మగ్గాలున్నాయి. మిగిలింది గంపలామె. ఒక పూట కూర్చోబెట్టి చూసింది. పాపం ఆవిడ చెయ్యి సగం చాప దాకా కూడా అందలేదు, ఒంగి ఒంగి చివరికి పడుగు మీదే బోర్లా పడింది.

"నీ చెయ్యి గంపకే సరి," అంది దెబ్బలక్క, లేవదీస్తూ.

"నన్ను చేసుకునేటప్పుడు నా మొగుడి తరఫున నువ్వు రాలేదు, బతికిపోయాను," అంది గంపలామె, నడుం పట్టుకుని.

ఇద్దరూ నవ్వారు. పెరట్లో పడుగు విప్పేశారు.

ఇంట్లో నానబెట్టే పని ఉంటుందిలే, పోచ ఏరే పని ఉంటుందిలే అనుకుంది. పోచ రంగు వేసి, ఏరి, కట్టలు కట్టి మరీ వస్తోంది. వంట మిగిలింది. ముగ్గురి వంట ఎంతసేపు?

అయితే చిన్నదానికి ఇంట్లో పని సాగలేదు. ఒంటరిగా మగ్గం మీద కూర్చుని, తోసి, ఆగి, గుర్తు తెచ్చుకుని కొట్టి, మళ్ళీ తోసి. పంపాల్సిన చాపలు వెనకబడ్డాయి. చివరికి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, కాసేపు పక్కన కూర్చుని కొట్టవా?"

"దేన్ని కొట్టను, నిన్నా?"

"నేలనే కొట్టు. చప్పుడొస్తే చాలు."

దెబ్బలక్క చేతులు తుడుచుకుని, మూలన ఉన్న పాత చెక్క తీసుకుని, మగ్గం పక్కన నేల మీద కూర్చుంది. దారాల్లేవు, పోచల్లేవు. ఉత్త నేల మీద చెక్కతో దభీమని కొట్టింది. చిన్నదాని చెక్క పడింది. తొయ్యి, కొట్టు. సాయంత్రానికి చాప పూర్తయి మగ్గం మీంచి దిగిపోయింది. అలా వారాల తరబడి సాగింది. ఆ రోజుల్లో ఆమెకి మళ్ళీ నోరు లేచింది. వీధి కబుర్లు, పాత తగువులు, గొడుగు సంగతి, అన్నీ మళ్ళీ తవ్వింది. మరిది మోకాలికి నూనె రాసుకుంటూ వింటూ కూర్చునేవాడు. ఉత్త నేలని కొట్టడానికి కూడా ఒక మనిషి కావాలి, ఆ మనిషిని నేను, అనుకునేది. నవ్వొచ్చేది తన మీద తనకే. అయినా నిద్ర బాగా పట్టేది.

ఒకరోజు ఉన్నట్టుండి వాన మొదలైంది. బట్టలు ఆరేసి ఉన్నాయి. దెబ్బలక్క చెక్క కింద పడేసి పెరట్లోకి పరిగెత్తింది. దండెం మీద బట్టలన్నీ చంకలో కుక్కుకుని, జారిపోయిన తువ్వాలు బురదలోంచి తీసుకుని, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

ముందు గదిలో మగ్గం ఆగలేదు. తొయ్యి, కొట్టు, తొయ్యి, కొట్టు. ఒక్క దెబ్బ తడబడలేదు. ఆమె ఉన్నప్పటికంటే కొంచెం వడిగానే పడుతోంది.

వానలో అలాగే నిలబడి వింది. తర్వాత లోపలికొచ్చి, బట్టలు మంచం మీద పడేసి, తల తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్ళి తన చోట్లో కూర్చుంది. చిన్నది ఇటు చూడలేదు. దెబ్బలక్క చెక్క అందుకుంది. మగ్గం చప్పుడు విని, దాన్ని పట్టుకుని, దాని వెనకే కొట్టడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత రోజూ అంతే. ముందు మగ్గం, వెనక ఆమె. చిన్నదానికీ తెలుసు, ఈమెకీ తెలుసు. ఇద్దరూ మాట్లాడలేదు. మాట్లాడితే తర్వాత ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలీదు.

చివరికి మరిది మాట్లాడాడు. పొద్దున్నే టీ తాగుతూ, గ్లాసులోకి చూస్తూ మొదలుపెట్టాడు.

"వదినా, నువ్వేమీ అనుకోనంటే ఒక మాట."

"అనుకోనని ముందే మాట తీసుకుంటున్నావంటే అనుకునే మాటేలే. చెప్పు."

"అదే... ఆ చప్పుడు. నేల మీద. దానికి తలనొప్పిగా ఉంటోందిట."

"అదేం, దానికి నోరు లేదా?"

"నీ ముందు లేదు వదినా."

దెబ్బలక్క ముందు గది వైపు చూసింది. "ఎప్పట్నుంచిట?"

"కొన్నాళ్ళయింది." అతను గ్లాసు కింద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు. "నీకు చెప్పడానికి మనసొప్పక ఓర్చుకుంటూ వచ్చింది. మొన్న ఒక చాప వంకరొచ్చిందని వెనక్కి పంపారు. నీ చప్పుడూ దాని చప్పుడూ కలవట్లేదుట." తర్వాత తొందరగా అన్నాడు, "ఇన్నాళ్ళూ చేశావు కదా వదినా. ఇక హాయిగా కూర్చుని తిను. నిన్ను ఎవరేమంటారు?"

ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి ఆమెకి తెలుసు. కూర్చుని తినమనడం ఎంత మర్యాద మాటో అంత భయం మాట. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇంత ప్రేమగా చెప్పినవాణ్ణి ఏమంటారు? చిన్నప్పుడు తన చేతి అన్నం తిని పెరిగిన మరిది, గ్లాసులో మొహం దాచుకుని కూర్చున్నాడు. లోపల చిన్నది మగ్గం మొదలుపెట్టింది. మరీ పొద్దున్నే మొదలుపెట్టింది, ఈ మాటలు వినపడకుండా ఉండాలని కాబోలు. మగ్గం కాలు టకటకమంటోంది.

"ఆ కాలు ఇంకా ఆనట్లేదా?" అంది దెబ్బలక్క.

"అట్టముక్కలు నిలవట్లేదు. గట్టి చెక్క ఏదైనా పెట్టాలి. తడికి ఉబ్బనిది, అరగనిది."

ఆమె లేచి ముందు గదిలోకి వెళ్ళింది. చిన్నది తలెత్తలేదు, పోచ మీదే కళ్ళు. దెబ్బలక్క తన చోట్లోంచి చెక్క తీసుకొచ్చి మరిది ముందు పెట్టింది.

"ఇది పెట్టు. ఇంతకంటే గట్టిది ఊళ్ళో దొరకదు."

"వద్దు వదినా, ఇది..."

"ఇది ఏంటి? నీకేమైనా చాప నేసే ఆలోచన ఉందా?"

అతను చెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. దారాలు జారి జారి బెజ్జాల అంచులు అద్దంలా నున్నబడ్డాయి. ఒక కొస ఆమె పట్టు పడ్డచోట నల్లగా, చేతి ఆకారానికి అరిగి ఉంది. "చాలా పొడుగుంది. ముక్క కొయ్యాలి," అన్నాడు. పెరట్లోంచి రంపం తెచ్చాడు. అరుగు మీద చెక్క పెట్టి, కాలితో తొక్కిపట్టి కొయ్యబోయాడు. మోకాలు సహకరించలేదు, చెక్క జారిపోయింది.

"ఎవరైనా అవతలి కొస పట్టుకోవాలి," అన్నాడు. లోపలికి చూశాడు. లోపల మగ్గం ఆగే స్థితిలో లేదు, ఆ పూటకి చాప దిగాలి.

"పట్టుకుంటాను," అని దెబ్బలక్క అరుగు మీద కూర్చుని, నల్లగా అరిగిన ఆ కొసని రెండు చేతులతోనూ పట్టుకుంది.

రంపం రెండు లాగులు లాగాడో లేదో, ఆగాడు. "కదపకు వదినా."

"నేను కదపలేదు."

మళ్ళీ మొదలుపెట్టాడు. రంపం గాడిలోంచి ఎగిరి పక్కకి పోయింది.

"కదుపుతున్నావు వదినా. కోత వంకరపోతోంది."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. లోపల మగ్గం తోసింది, కొట్టింది. చేతుల్లో చెక్క జానెడు కాదు, గోరంత కదిలింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ కదిలింది.

ఆమె మోకాలెత్తి చెక్క మీద పెట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసి అదిమిపట్టింది.

"ఇప్పుడు కొయ్యి," అంది.